వాగింటి తైతుర్ తాత, ముందటివాళ్లు

వాగింటి తైతుర్ తాత ఎదుట ‘మొదట’ అన్న మాట ఎవరూ అనకూడదు. పొరపాటున అన్నారా, అయిపోయారన్నమాటే. చేతిలో కాఫీ కప్పు కింద పెట్టి, గడ్డం గోక్కుని, ఎంతో మర్యాదగా, “అంతకు ముందే ఎవరో ఉన్నారు” అనేవాడు.

పెద్దింటి సామల్ భార్య ఆర్మ్‌గార్ ఓసారి తెలియక, “మన ఊళ్లో మొదటి బట్టలుతికే మిషన్ మాదే” అంది. “అంతకు ముందు ఎవరో ఉతుక్కునే ఉన్నారమ్మా” అన్నాడు తాత. ఆవిడ వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. చర్చిలో సృష్టి కథ చదవాల్సిన ఆదివారం పాస్టర్ గారు ముందుగా తాత కూర్చున్న వరుస వైపు చూసి, ‘ఆదియందు’ అనే మొదటి వాక్యాన్ని ఒక్క ఊపిరిలో దాటేసేవారు. తాత దగ్గు మాత్రం ఆగేది కాదు.

అట్లాంటిక్ సముద్రం మధ్యనున్న ఫారో దీవుల్లో, ఉత్తరపు కొసన కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న ఊరు మా తార్వదాల్. ఇంటికప్పుల మీద గడ్డి, ఆ గడ్డి మీద పొగమంచు. ఒక్కోసారి ఆ మంచు దిగితే మూడు రోజులు పక్కింటి తలుపు కూడా కనపడదు. అలాంటి రోజున తాత వాగు ఒడ్డున నిలబడి, ఎవరూ లేని తెల్లదనంలోకి టోపీ తీసి, “నమస్కారం, చలిగా ఉందికదూ” అని పలకరించేవాడు. అది చూసినవాళ్లకి వీపు మీద చీమలు పాకేవి.

గొర్రె మాంసం గాలికి ఎండబెట్టే కొట్టు ప్రతి ఇంటికీ ఉంటుంది. చెక్కల మధ్య సందుల్లోంచి గాలి దూరి సన్నగా మూలుగుతూ ఉంటుంది. తాత తన సొంత కొట్టు తలుపు తట్టి, తల వంచి చెవి ఒగ్గి, కాసేపు ఆగి, అప్పుడు లోపలికి వెళ్లేవాడు.

“లోపల ఎవరున్నారు తాతా?” అని అడిగాను ఒకసారి.

“తెలీదే మార్యున్. అందుకే తడుతున్నాను” అన్నాడు.

ఆయనకూ పెద్దింటి సామల్‌కూ ఈ విషయంలోనే పడేది కాదు. సామల్ వాళ్ల వంశానికి మూలపురుషుడు తార్వి. నార్వే నుంచి ఒక ఎద్దును పడవలో వేసుకుని వచ్చి ఈ దీవిలో మొదటి నిప్పు రాజేసింది ఆయనేనని సామల్ నమ్మకం. ఊళ్లో సగం మందికి అదే నమ్మకం.

“ఒరేయ్ సామల్, పడవల రేవు దగ్గర ఇసుక కింద మాడిన బార్లీ గింజలున్నాయి. మీ తార్వి బార్లీ తెచ్చాడా, ఎద్దును తెచ్చాడా?”

“రెండూ తెచ్చాడు బాబాయ్. పెద్ద పడవ.”

“ఎద్దు పక్కన బార్లీ పెడితే ఒడ్డు చేరేదాకా మిగులుతుందట్రా?”

ఒక వేసవిలో రాజధాని నుంచి ఒక పరిశోధకురాలు వచ్చింది. మా చెరువు అడుగు నుంచి పొడవాటి గొట్టంతో బురద తీసుకెళ్లి, కొన్ని నెలల తర్వాత తిరిగొచ్చి చెప్పింది: తార్వి కాలానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందటి పొరలోనే గొర్రెల పెంట జాడ ఉందట. ఎవరు తెచ్చారో, ఏమయ్యారో మాత్రం బురద చెప్పదట.

“గొర్రెలు ఈదుకుంటూ వచ్చి ఉంటాయి” అన్నాడు సామల్.

తాత గెలిచాడు కదా, ఇక ఊరుకుంటాడనుకున్నాం. ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగి, “వాళ్లకంటే ముందు?” అన్నాడు.

“ఆ పొర కింద ఏమీ లేదు తాతగారూ.”

“మీ గొట్టం అంతవరకే దిగిందేమో తల్లీ!”

ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

ఇదంతా సరదాగానే సాగేది, కొండవార ఇంటి హెయినిని సముద్రం తీసుకోకపోయి ఉంటే. అతని భార్య బుసబా థాయ్‌లాండ్ మనిషి. చేపల ఫ్యాక్టరీలో పనికి వచ్చి, హెయినిని చేసుకుని మా ఊళ్లో ఉండిపోయింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. రొట్టె మీద మిరపకాయ నంజుకుంటుంది.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. శరదృతువులో కొండ మీది మందను దొడ్డికి దించేటప్పుడు ఒక్కో ఇంటివాళ్లు తమ కాపురాయి దగ్గర నిలబడి గొర్రెల్ని అదిలించాలి. రాయి ఉన్న ఇంటికే మందలో వాటా. రాయి పోతే వాటా పోతుంది, కొట్టులో వేలాడదీయడానికి ఏమీ ఉండదు. ఇక బుసబా ఇల్లు వదిలి పట్నం పోవాల్సిందే.

ఊరి సమావేశంలో సామల్ లేచాడు. “ఈ రాళ్లు పంచింది తార్వి. మొదట వచ్చినవాళ్ల రక్తానికే అవి చెందుతాయి. పైగా కొండ తెలియని మనిషి మంచులో జారిపడితే పాపం ఎవరికి? హెయిని రాయి దగ్గర మా అబ్బాయి రోయి నిలబడతాడు.”

“హెయిని ఉండగా ఏటా నేనే కదా అతనికి భోజనం మోసుకెళ్లింది!” అంది బుసబా.

“భోజనం మోయడం వేరు, మందను దించడం వేరమ్మా.”

“ఆ రోజు రాయి దగ్గర నిలబడి మందను దించినవాళ్లదే రాయి. పద్ధతి అదే కదా?” అన్నాడు తైతుర్ తాత.

“అదే బాబాయ్. దించేది మా రోయి.”

తాత ఇంకేమీ అనలేదు. అసలు ‘అంతకు ముందే’ అని కూడా అనలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాం.

ఆ తర్వాతే మొదలైంది. మంచు దిగిన ప్రతిసారీ తాత గొంతు తగ్గించి చెప్పేవాడు: “హెయిని రాయి దగ్గర ఎవరో నిలబడుతున్నారు. బూడిద రంగు. పలకరించకండి, వాళ్లకి నచ్చదు.” నవ్వాం. తర్వాత ఆర్మ్‌గార్ చూసింది. ఆ తర్వాత నేనూ చూశాను. మంచు చిరిగిన ఒక్క క్షణం, రాయి పక్కన పొట్టి ఆకారం కదలకుండా నిలబడి ఉంది. చుట్టూ గొర్రెలన్నీ మేత మానేసి దానివైపే చూస్తున్నాయి. కాకి కూడా అరవలేదు. మళ్లీ మంచు మూసుకుంది. ఆ సాయంత్రం నేను ఇంటి తలుపుకి గొళ్లెం పెట్టాను. మా ఊళ్లో ఎవరూ గొళ్లెం పెట్టరు. మంచులో కొండెక్కడం అందరూ మానేశారు.

మందను దించే రోజు రానే వచ్చింది. దానితోపాటు మంచూ వచ్చింది. మోకాళ్ల నొప్పితో తైతుర్ తాత దొడ్డి గోడ మీద నా పక్కనే కూర్చున్నాడు. ఎవరి రాయి దగ్గరికి వాళ్లు ఎక్కి, తమ వైపు గొర్రెల్ని దించి దొడ్డి దగ్గరికి చేరారు, రోయి తప్ప. కాసేపటికి సామల్ కొడుకు రోయి జారుకుంటూ, పడుతూ, తెల్లబోయిన మొహంతో కిందికి వచ్చిపడ్డాడు.

“అక్కడ... ఎవరో ఉన్నారు నాన్నా!”

“మగాడివేనట్రా నువ్వు?”

అప్పుడు వినిపించింది. పైనుంచి, మంచు లోపలినుంచి, పొడుగ్గా సాగి, చివర వణికి పైకి లేచే ఒక పిలుపు. అది మా పిలుపు కాదు. మా తాతముత్తాతలెవరూ గొర్రెల్ని అలా పిలవగా మేం వినలేదు. దొడ్డి దగ్గర కుక్కలు తోకలు ముడుచుకున్నాయి. ఆ వెంటనే మంచులోంచి గొర్రెలు దిగడం మొదలైంది. తోపులాట లేదు, అరుపు లేదు. ఎవరో చేయి పట్టి నడిపిస్తున్నట్టు ఒకదాని వెనక ఒకటి దొడ్డిలోకి వచ్చాయి.

సామల్ టోపీ తీసేశాడు. “అయ్యా, ఆ రాయి మీదే! మా ఇంటికి అక్కర్లేదు! తీసుకోండి!” అని మంచులోకి అరిచాడు. ఊరంతా విన్నది.

చివరి గొర్రె వెనకాల, మోకాళ్లదాకా వేలాడే హెయిని బూడిదరంగు స్వెట్టర్‌లో, బుసబా దిగివచ్చింది.

కుక్కలు తోకలు విప్పి ఆమె వైపు పరుగెత్తాయి.

“మా ఊళ్లో గేదెల్ని ఇలాగే పిలుస్తాం” అందామె రొప్పుతూ. “గొర్రెలు వినవేమోనని భయపడ్డాను. తాతగారు కింద వాగు దగ్గర కూర్చుని దారి గుర్తులన్నీ చెప్పేవారు, నేను మంచులో ఎక్కి నేర్చుకునేదాన్ని.”

“మోసం!” సామల్ మొహం కందిపోయింది. “బాబాయ్, దయ్యమని భయపెడతావా?”

“దయ్యమని నేనెక్కడన్నానురా? ఎవరో నిలబడుతున్నారన్నాను. నిలబడింది కదా!”

“తార్వి రక్తం కాదుగా!”

తాత గోడ మీంచి దిగాడు. “నీ తార్వి ఎద్దుతో ఒడ్డుకి వచ్చిన రోజు, అప్పటికే గొర్రెలు కాసుకుంటున్నవాడు ఎవడో అడ్డం నిలబడి, మా రక్తం కాదు పొమ్మని ఉంటే, ఇవాళ నువ్వెక్కడ ఉండేవాడివిరా? చోటిచ్చి ఉంటారు. కాస్త జరిగి ఉంటారు.”

సామల్ చాలాసేపు టోపీ నలిపాడు. తర్వాత గోడ మీద కూర్చున్న కొడుకుని మోచేత్తో పొడిచి, “జరగరా. ఆవిణ్ణి కూర్చోనీ. కాళ్లు చూడు ఎలా వణుకుతున్నాయో” అన్నాడు. ఆర్మ్‌గార్ వేడి కాఫీ అందించి, “మన కొండ మీంచి మంద దించిన మొదటి ఆడమనిషివి నువ్వే...” అని నాలుక కరుచుకుంది.

తాత నోరు తెరిచేలోపే ఊరంతా ఒక్కసారిగా అరిచింది: “అంతకు ముందే ఎవరో ఉన్నారు!”

ఆ నవ్వుల్లో బుసబా తాత వైపు వంగింది. “అవును తాతా, పై బండ దగ్గరికి మీరు పంపింది ఎవర్ని? దారి తప్పినప్పుడల్లా రాయి మీద రాయి కొట్టి పిలిచారు. ఆ మనిషి లేకపోతే లోయలో పడేదాన్ని. కాఫీకి పిలవండి.”

“నేనెవర్నీ పంపలేదే” అన్నాడు తాత.

అందరం ఒకరినొకరు లెక్క చూసుకున్నాం. అందరూ ఇక్కడే ఉన్నారు. పైన మంచు మెల్లగా మూసుకుంటోంది.

ఇంటిదాకా తోడు రమ్మని తాత నన్నడిగాడు. దారిలో ఆయన కొట్టు వచ్చింది. గాలి సన్నగా మూలుగుతోంది. ఆయన ఆగలేదు సరికదా, నా స్వెట్టర్ చేయి గట్టిగా పట్టుకుని అడుగులు పెంచాడు.

“తలుపు తట్టవా తాతా?”

“ఎందుకే,” అన్నాడు వెనక్కి చూడకుండా, “ఉన్నారని తెలిసిపోయిందిగా!”