పరదా అవతలి మనిషి

చప్పట్లు కొట్టేవాళ్ల ముందు మాట్లాడటానికి ధైర్యం ఎందుకో మీలో ఎవరైనా నాకు చెబుతారా?

నా నలభయ్యో పుట్టినరోజని ఆ నెలంతా మిత్రులు సభలు పెట్టి నా వ్యాసాలు చదివించారు. గద్వాల సభ ముగించుకొని, పెబ్బేరులో వనపర్తి బస్సెక్కాం. వితంతు వివాహం మీద రాసిన వ్యాసాన్ని మిత్రులకు చదివి వినిపిస్తున్నాను. ఆ రోజుల్లో బస్సుల్లో ఆడవాళ్ల సీట్లకు పరదా కట్టేవారు; దాని వెనక నుంచి ఒక గొంతు వచ్చింది.

"జర గట్టిగ సదువు అయ్యా. నా బిడ్డ ఇంటున్నది."

"పరదా వెనక గూడ శిష్యులు దొరికిండ్రు నీకు" అని ఒక మిత్రుడు నవ్వాడు. నేను ఉత్సాహంగా గొంతు పెంచి చివరిదాకా చదివాను.

"దీని మొగుడు సచ్చిపోయిండు. ఒక పిలగాడు చేసుకుంటనంటుండు. మా బావలేమో ఇద్దరి కాళ్లు ఇరగ్గొడ్తమంటుండ్రు. మా ఊర్ల దిగి, గిదే వాళ్ల ముంగట సదువుతవా?" అని ఆమె అడిగింది.

"వనపర్తిల సభ ఉన్నదమ్మా. మంది ఎదురుచూస్తుండ్రు" అన్నాను. నిజానికి ఆ సభ మర్నాడు.

"గట్లనా. మరి ఆశపెట్టి గట్టిగ ఎందుకు సదివినవ్ అయ్యా?"

బస్సు ఆగింది. తల్లీ కూతుళ్లు ముసుగులు సర్దుకొని దిగిపోయారు. నేను కదల్లేదు. వనపర్తిలో మెడలో దండలు వేశారు. నాగర్‌కర్నూలులో మళ్లీ ఆ వ్యాసమే చదవమంటే కాగితాలు మడిచి వేదిక దిగిపోయాను.

మీ ఊళ్లోనూ అలాంటి తల్లి ఉంటుంది. ఇది పక్కన పెట్టి లేవండి. ఆమె బావల ఎదుట కూర్చొని, ఆ పిల్లకు పెళ్లి చేయమని మీ నోటితో చెప్పండి.