నిప్పు ఇచ్చిన పాపానికి

మొన్న ఆదివారం మా మనవడు, విమానాశ్రయం దారిలో మా పాత చెలకలో మిగిలిన అర ఎకరంలో వేసిన రేకుల గదుల్లోంచి ఒక చిన్న గ్యాసు పొయ్యిని బయట పెట్టించి, గోడలు మసిబారుతున్నాయని, ఇకమీద గదిలో వంట చేస్తే ఖాళీ చేయవలసిందేనని అక్కడ కిరాయికి ఉండే బీహారు పిల్లలకు వచ్చీరాని హిందీలో గట్టిగా చెప్పి వచ్చాడు. ఒక్కో గదిలో ఎనిమిది మంది ఉంటారట. ఇంటికి వచ్చి, నా ఎదుటే అన్నం కలుపుకుంటూ, ఈ బయటివాళ్ళు వచ్చి పడ్డాక మన పిల్లలకు పనులు లేకుండా పోయాయని తిట్టాడు. ఆ తిట్టే నోరూ ఆ కిరాయి తీసుకునే చేయీ ఒకే మనిషివన్న సంగతి వాడికి తోచనే లేదు. ఆ పూట నేను నా కంచం పక్కకు జరిపేశాను. కోపం వాడి మీద అనుకునేరు, కాదు. వాడి మాటలో నాకు మా మామగారి గొంతు వినబడింది, దాని వెనకే నా గొంతు కూడా.

నాకు తొంభై దాటి చాలా ఏళ్ళయింది. నా ఈడువాళ్ళు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళతో చెప్పుకుందామని ఇది. చేతులు వణుకుతాయి కనుక నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. నా యాసను సరిచేసి పుస్తకాల భాషలో పెడుతోంది. యాస దిద్దితే దిద్దావు గానీ రోతను మాత్రం దిద్దకే అని చెప్పాను.

అవి యుద్ధం రోజులు. నాకు పదిహేనేళ్ళు. కొత్తూరు అవతలి పల్లె నుంచి శంషాబాదుకు కోడలినై వచ్చి ఏడాది నిండలేదు. మా ఆయన పట్నంలో మిల్లు పనికి పోయి, ఎవరిదో చీకటి గదిలో నలుగురితో పాటు ఉంటూ, వారానికో పదిరోజులకో ఒకసారి వచ్చేవారు. కొడుకు పరాయి చోట చల్లబడ్డ కూడు తింటున్నాడని మా అత్తగారు కంట తడి పెట్టని రోజు లేదు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, కానీ మా గడప దాటి అవతలికి పోయేవి కావు. బియ్యం దగ్గర నుంచి దీపాల్లో పోసే గ్యాసునూనె వరకు అన్నిటికీ కరువే. అగ్గిపెట్టె అయితే కళ్ళకద్దుకుని వాడుకోవలసిన వస్తువు. అందుకని రాత్రి వంటయ్యాక నిప్పుల మీద బూడిద కప్పి ఉంచి, తెల్లవారి ఊది రాజేసుకునేవాళ్ళం. ఎవరింట్లో నిప్పు ఆరిపోతే వాళ్ళు ఒక కుండ పెంకు పట్టుకుని పక్కింటికి వెళ్ళేవారు. కోడలు మంచిదా కాదా అన్నది, పొద్దున బూడిద కింద నిప్పు బతికి ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేల్చేవారు మా అత్తగారు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. మీరు నవ్వరని నాకు తెలుసు.

ఆ ఏడు పట్నం నుంచి పాలమూరు పోయే రోడ్డుకు కంకర వేసే పని మా ఊరి దగ్గర పడింది. పహాడీ షరీఫ్ వైపు గుట్టల నుంచి బండ్ల మీద రాళ్ళు వచ్చేవి, మగవాడు సమ్మెటతో బండను పగలగొడితే ఆడది చిన్న సుత్తెతో కంకర కొట్టేది, జంటకొక కుప్ప. మొదట్లో ఆ పని మా ఊరి కూలివాడ వాళ్ళదే. ధరలు పెరిగి కడుపు నిండడం లేదు, కూలి పెంచమని వాళ్ళు అడిగారు. గుత్తేదారు ఔననలేదు, కాదనలేదు. వారం తిరగకుండా పాలమూరు దిక్కు కరువు ఊళ్ళ నుంచి నలభై మందిని నడిపించుకొచ్చాడు. వాళ్ళు సగం కూలికే పొద్దు పొడిచిన దగ్గర నుంచి పొద్దుగూకేదాకా కొట్టేవారు. పెంచమన్న నోళ్ళన్నీ మూతపడ్డాయి. కోపం మాత్రం గుత్తేదారు మీదికి పోలేదు, అతని వాకిట్లో ఇద్దరు పహిల్వాన్లు ఉండేవారు. పాలమూరు వాళ్ళ మీదికి పోయింది, వాళ్ళకు వాకిలే లేదు కనుక. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా.

మృగశిర దాటి వానలు పట్టాయి. అప్పటిదాకా బండ్ల కింద పడుకున్న ఆ జనానికి నీడ కావలసి వచ్చింది. చావడిలో అందరికన్నా గట్టిగా పాలమూరు వాళ్ళను తిట్టిన మా మామగారే, పశువుల కొట్టంలో బర్రెలను ఒక వారకు జరిపి, రెండో వారను ఒక కుటుంబానికి కిరాయికి ఇచ్చారు. కిరాయి అంటే పైసలు కాదు. ఆలుమగలు కోడి కూయకముందే లేచి కొట్టమంతా పేడ తీసి, బర్రెలకు కుడితి పెట్టి, ఆ తర్వాతే కంకర కుప్పకు పోవాలి. అంతకుముందు ఆ పనికి మా ఊరి ముసలామె ఒకతె వచ్చేది, ఏడాదికి ఇన్ని జొన్నలని తీసుకుని. ఆమెను ఇక రావద్దన్నారు. ఆమె శాపనార్థాలు కూడా పాలమూరు వాళ్ళకే తగిలాయి.

ఆ కుటుంబంలో ముగ్గురు: మొగుడు, పెళ్ళాం, మొగుడి తల్లి. ఆ పెళ్ళాన్ని నేను పాలమూరక్క అనేదాన్ని. నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో, నెలలు నిండుతున్నాయి. వాళ్ళు పడుకునే చోటికే బర్రెల ఉచ్చ పారేది, పైన కప్పు కారేది. ఆ వాసన ఈనాటికీ నాకు తెలుస్తుంది. వాసన పశువులది, దానికేముంది. ఆ చోటును కిరాయికి ఇచ్చిన ఇంట్లో నేను మూడు పూటలా తిన్నాను, నాకు అదీ రోత.

ఒక సాయంత్రం అక్క కుండ పెంకు పట్టుకుని మా వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

“జర నిప్పియ్యి చెల్లె, రొట్టెలు జేసుకుంట. మూడు దినాలాయె వేడి కూడు తిని,” అంది.

అత్తగారు పుట్టింటికి పోయి ఉన్నారు. మా పుట్టినూళ్ళో నిప్పు అడిగినవారికి లేదనడం పాపం. నాలుగు మంచి నిప్పులు ఏరి, పైన పిడక ముక్క పెట్టి ఇచ్చాను. అక్క మూడు రాళ్ళు పెట్టుకుని రాజేసుకుంది. కొట్టం కప్పులోంచి పొగ లేస్తుంటే చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. అంత తెలివితక్కువదాన్ని.

మన తరానికి వెట్టి గురించి చెప్పనక్కర్లేదు. ఊళ్ళ తనిఖీకని దౌరా మీద వచ్చే సర్కారు పెద్దమనుషులు హిమాయత్ సాగర్ వైపు డేరాలు వేసుకుంటే, మూటలు మోయడానికి, నీళ్ళు తోడడానికి, కట్టెలు కొట్టడానికి ఊరు మనుషులను పంపాలి; కూలి ఉండదు. మా పుట్టినూళ్ళో ఆ వంతు ఇంటిపెద్ద పేరు మీద పడేది. ఇక్కడ మాత్రం కూలివాడకు పొయ్యి లెక్క, పొగ లేచే పొయ్యికి ఒక మనిషి. బండి కింద వండుకునే బాటసారికి వంతు లేదు. ఊరి నిప్పు తెచ్చుకుని ఊరి కప్పు కింద పొయ్యి రాజేసుకున్నాడంటే వాడు ఊరివాడే. ఆ కట్టు పాలమూరు వాళ్ళకు తెలియదు, కొత్త కోడలినైన నాకూ తెలియదు. మర్నాడే, వెట్టికి మనుషులను పిలిచే ఊరి కావలికారు మా వాకిట్లోకి వచ్చి, కొట్టానికి నిప్పు ఎవరిచ్చారని అడిగాడు. నేనే ఇచ్చానని, మెచ్చుకుంటారనుకుని చెప్పాను. కూలివాడ వాళ్ళు అప్పటికే చావడి దగ్గర గుమిగూడి ఉన్నారు.

“మా కూలి తీస్కున్నోళ్లు మా వెట్టి గూడ తీస్కోవాలె,” అన్నాడు వాళ్ళ పెద్దాయన.

మామగారు వెంటనే సరేనన్నారు. కొట్టం కిరాయికి ఇచ్చినందుకు వాడ అంతా ఆయన మీద పళ్ళు నూరుతోంది. వాళ్ళను చల్లబరచడానికి ఇంతకంటే చవకైన దారి ఆయనకు దొరకదు.

అక్క మొగుడు మూడు రోజులు మూటలు మోయడానికి పోయాడు. జంటలో ఒకరు రాకపోయి పని ఆగితే ఆ కుప్ప ఇంకో జంటకు పోతుంది, అది గుత్తేదారు పెట్టిన నియమం. ఆ మూడు రోజులూ అక్క నిండు నెలలతో సమ్మెట కూడా తనే ఎత్తి కుప్పను నిలబెట్టుకుంది. మొగుడు తిరిగి వచ్చిన రోజునే పొయ్యిలో నీళ్ళు కుమ్మరించి, మూడు రాళ్ళనూ బయట పారేసి, కావలికారును పిలిచి చూపించింది.

“మాకు పొయ్యి లేదు. సూస్కో,” అంది.

ఆ తర్వాత కొట్టంలో వాళ్ళు నిప్పు ముట్టలేదు. వాన తెరిపి ఇస్తే రోడ్డు పక్కన బండి కింద రొట్టెలు కాల్చుకునేవారు. లేకపోతే నానబెట్టిన శనగలే. వారం గడిచిందో లేదో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం అక్కకు నొప్పులు వచ్చి కొట్టంలోనే కాన్పయింది. ఆడపిల్ల. ఊరి మంత్రసాని రానంటే అక్క అత్తే ఆ పని చేసింది. తల్లికీ బిడ్డకూ వేన్నీళ్ళు లేవు. నేను నిప్పు పట్టుకుని వెళితే ఆ ముసలామె రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“వద్దు బిడ్డా, నీ కాల్మొక్త. నిప్పు తేకు. మల్ల వెట్టికి గుంజుకపోతరు, కుప్ప పోతది,” అంది.

వెనక్కి వచ్చి, మా పొయ్యి మీద గుండిగ నిండా నీళ్ళు కాచి మోసుకుపోయాను. నీళ్ళే కదా అనుకున్నాను.

ఆ నీళ్ళ మీద పంచాయితీ పెట్టారు. మా మామగారు, కూలివాడ పెద్దాయన, కావలికారు, ఇంకా ఇద్దరు ముగ్గురు మీసాలున్న మనుషులు చావడిలో కూర్చుని, ఊరి పొయ్యి మీద కాగిన నీళ్ళు నిప్పు కిందికి వస్తాయా రావా అని పొద్దుగూకేదాకా వాదించుకున్నారు. ఒకాయన నీళ్ళు నీళ్ళే అన్నాడు. మరి కాగింది దేనితో అన్నాడు ఇంకొకాయన. ఒకరి చుట్ట ఆరిపోతే పక్కవాడి చుట్టతో ముట్టించుకున్నారు. ఆ నిప్పుకు లెక్కాడొక్కా లేదు. అక్కడ కొట్టంలో తడి నేల మీద బాలింత వణుకుతోంది. చివరికి వేన్నీళ్ళు ఇచ్చినా పొయ్యి ఇచ్చినట్టేనని తేల్చి, ఏదో ధర్మం నిలబెట్టినట్టు తువ్వాళ్ళు దులుపుకుని లేచారు. ఇన్నేళ్ళలో నేను చూసిన నీచాల్లో అంతటిది ఇంకొకటి లేదు.

కాన్పయిన నాలుగో నాడు కావలికారు వచ్చి అక్క మొగుణ్ణి పిలిచాడు. పోతే ఈసారి కుప్ప నిలబెట్టడానికి అక్క లేవలేదు, పోకపోతే దెబ్బలు. రెండూ వద్దనుకుని, ఆ వానలోనే గోనెసంచులు కప్పుకుని, పిల్లను కొంగులో చుట్టుకుని, కరువున్న ఊరికే తిరుగుదారి పట్టారు. పోతూ అక్క నా దగ్గర ఆగింది.

“నీ నీళ్లకే పిల్ల కండ్లు దెర్సింది చెల్లె,” అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ పిల్ల బతికిందో లేదో నాకు తెలియదు.

ఊళ్ళో ఏ కప్పు కిందికి చేరినా వెట్టి తగులుకుంటుందని మిగతా పాలమూరు వాళ్ళు కూడా ఒక్కో జంటగా జారుకున్నారు. పీడ వదిలిందని కూలివాడ సంబరపడింది. మగవాళ్ళు సమ్మెటలు భుజాన వేసుకుని కుప్పల దగ్గరికి పోతే, అక్కడ అప్పటికే ఇంకో జట్టు దిగి ఉంది, ఎక్కడో కన్నడదేశం వాళ్ళు, పాలమూరు వాళ్ళకన్నా తక్కువ కూలికి. సమ్మెటలు మళ్ళీ ఇళ్ళకు వచ్చాయి.

మామగారు కొట్టంలో ఆ వారను మళ్ళీ, ఆ కొత్త జట్టులోని ఒక కుటుంబానికి, కిరాయికి ఇచ్చారు. ఈసారి నన్ను ముందే పిలిచి చెప్పారు.

“నిప్పు గిప్పు ఇయ్యకు. ఇగ ఊరి పంచాదులు పడ నాతోని గాదు,” అన్నారు.

మూడో రోజున కొట్టంలోని కొత్త ఆడమనిషి పెంకు పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. మన మాట రాదు కనుక, పెంకు చూపించి, నోటితో ఊదినట్టు చేసింది. నా వెనక పొయ్యి భగభగ మండుతూ ఆమెకు కనబడుతూనే ఉంది. లేదని చేయి తిప్పాను. ఇస్తే ఆమెను వెట్టికి అప్పగించినట్టవుతుందని, ఆమె మేలు కోరే ఇవ్వలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. మామగారు కోప్పడతారన్న భయం తప్ప అప్పుడు నా మనసులో ఇంకేమీ లేదు. ఆమె పొయ్యి వైపు ఒకసారి, నా మొహం వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

వెట్టి పోయింది, చావడి పోయింది, రాళ్ళు కొట్టడానికి యంత్రాలు వచ్చాయి. మేము జొన్న వేసిన చెలకల మీద విమానాలు దిగుతున్నాయి. ఆ రోజుల్లో మనుషుల మధ్య ఎంత ఆప్యాయతలుండేవి, ఒకరింటి నిప్పుతో ఇంకొకరింటి పొయ్యి రాజుకునేది కదా అని మన ఈడువాళ్ళు తలచుకుని బాధపడుతుంటే, నేనూ తల ఊపుతాను. మామగారిని ఎప్పుడో క్షమించాను, ఆయన పోయి యాభై ఏళ్ళు దాటింది. మండే పొయ్యి ముందు నిలబడి లేదన్న ఆ పదిహేనేళ్ళ కోడలంటే మాత్రం నాకు ఈనాటికీ అసహ్యమే.