ఆ ఏడు చామంతులు బాగా పూశాయి

మా పల్లె ఎల్లారెడ్డి నుంచి నాగిరెడ్డిపేట వెళ్లే దారిలో ఉంటుంది. నేను బస్సు కండక్టర్ని. ఇంటి వెనక ఉన్న కొద్దిపాటి జాగాను తోటగా మార్చింది నా భార్య. వానాకాలం బెండ, బీర, సొర. చలికాలం మెంతి, పాలకూర, టమాట. ఏడాదంతా గోడ వెంబడి రెండు పొడవాటి మళ్లు మాత్రం చామంతులవే. అవి అమ్మడానికి కాదు. మా పెళ్లయి ఆమె ఈ ఊరికి వచ్చిన ఏడాది నుంచీ క్రిస్మస్‌కు మా చర్చిలో వేదిక దగ్గర కట్టే దండలన్నీ ఆ పూలతోనే అయ్యేవి. గుచ్చేది కూడా ఆమే. ఎవరూ ఆమెకు ఆ పని అప్పగించలేదు. ఆమెదేనని ఊరంతా అనుకుంది, ఆమె కూడా అలాగే అనుకుంది.

దసరా పోయి వానలు తగ్గాక తోటను చలికాలానికి సిద్ధం చేసేవాళ్లం. నాకు డ్యూటీ లేని రోజు చూసుకుని పొద్దున్నే ఇద్దరం దిగేవాళ్లం. పందిరి మీద ఎండిన సొరతీగలు లాగిపారేయడం, నేల తవ్వి పశువుల పెంట కలపడం నా వంతు. చామంతుల మధ్య కలుపు తీయడం, మొదళ్లకు మట్టి ఎగదోయడం, కొమ్మలు వాలిపోకుండా పుల్లలు పాతి కట్టడం ఆమె వంతు. ఆ మళ్లలో నన్ను కాలు పెట్టనిచ్చేది కాదు.

రెండేళ్ల కిందట అలాంటి ఒక పొద్దున, తీగలు మోపు కట్టి గోడ దగ్గర పడేయడానికి పోయాను. ఆమె తీసిన కలుపు గట్టు మీద కుప్పగా ఉంది. అందులో గరకతో పాటు చామంతి మొక్కలు కూడా ఉన్నాయి. ఒకటి కాదు, వరసలో సగం. వేళ్లకు తడి మట్టి అంటుకుని ఉంది, కొసలకు అప్పుడప్పుడే మొగ్గ పడుతోంది.

ఇవెందుకు పీకావని అడిగాను. ఏవని ఎదురు అడిగింది. ఒక మొక్క తీసి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకుని, ఆకు నలిపి వాసన చూసింది. చూసి, మడిలోనే కూలబడింది.

"ఊదుగొట్టంలకెళ్లి చూసినట్టు నడిమిట్ల ఇంతే కనవడ్తది," అంది. "పక్కకు ఏమున్నదో తెలుస్తలేదు."

ఎప్పటి నుంచని అడిగితే, పోయిన ఎండాకాలం నుంచే అలా ఉందని చెప్పింది. వయసుతో వచ్చే మసకే అనుకుందట. అంగట్లో కళ్లద్దాలు మార్చి చూసిందట. గడప తట్టుకున్నప్పుడల్లా గడపను తిట్టుకుందట. నేను పొద్దున పోతే పొద్దుగూకి వచ్చేవాణ్ని. ఆమె వంటిల్లు, ఆమె తోట ఆమెకు చేతివేళ్లకే తెలుసు కాబట్టి ఇంట్లో నాకెప్పుడూ తేడా కనిపించలేదు.

పీకిన మొక్కలన్నీ ఆ పూటే మళ్లీ నాటాం. ఆమె గుంత తీస్తుంటే నేను మొక్క అందించాను. నీళ్లు పోసి, ఎండ తగలకుండా తాటాకు అడ్డం పెట్టాం. కొన్ని బతికాయి. కొన్ని రెండో రోజుకే తలలు వాల్చేశాయి.

ఆ వారమే కామారెడ్డి తీసుకెళ్లాను. కంటి డాక్టరు చిన్న వయసు అమ్మాయి. నా భార్య గడ్డాన్ని మిషన్ మీద ఆనించి చాలాసేపు పరీక్ష చేసింది. వెలుతురు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. నేను పక్కన నిలబడి ఆమె వేలునే చూశాను. చాలాసేపు ఆ వేలు కదలలేదు.

కంటిలో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోయిందని డాక్టరు చెప్పింది. చుక్కల మందు రాసింది. పోయిన చూపు మందుతో గానీ ఆపరేషన్‌తో గానీ తిరిగి రాదని, మిగిలిందాన్ని ఆపడానికే చూస్తామని, రెండు కళ్లలోనూ బాగా ముదిరింది కాబట్టి అది ఆగుతుందని కూడా మాట ఇవ్వలేనని చెప్పింది. ఏదీ దాచలేదు. ఇంకో చోట చూపించుకుంటామంటే తప్పకుండా చూపించుకోమంది. తర్వాత హైదరాబాద్ కూడా పోయాం. అక్కడా ఇదే మాట.

డాక్టరు చెప్పిందంతా విని నా భార్య ఒకటే అడిగింది.

"పండుగ దాంక ఉంటదా, అమ్మా?"

డాక్టరు నా వైపు చూసింది. ఏ పండుగో నేను చెప్పాను. "అప్పటిదాకా ఉండొచ్చమ్మా. తర్వాత సంగతి నేను చెప్పలేను," అంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ఎల్లారెడ్డి వచ్చేదాకా ఆమె బయటికి చూడలేదు. ఒడిలో మందుల కవరు పట్టుకుని ముందు సీటు కడ్డీ వైపే చూస్తూ కూర్చుంది.

ఆ తర్వాత ఆమె తోటను వదల్లేదు. చలి మొదలైంది. పొద్దున పొగమంచు పొలాల మీద నుంచి మా గోడ దాకా వచ్చేది. టమాట నారు మీద వరిగడ్డి కప్పించింది నాతో. మెంతులు తనే చల్లింది. ఒక మూల గుత్తులుగా మొలిచాయి, ఇంకో మూల ఏమీ మొలవలేదు. చర్చిలో ఎవరికీ చెప్పొద్దంది. మద్నూర్ వైపు ఇచ్చిన మా బిడ్డకు కూడా పండుగ అయ్యాకే చెబుదామంది. నేను సరేనన్నాను. రోజూ తల వెనక్కి వాల్చి, చుక్కలు వేయించుకుని, కళ్లు మూసుకుని కూర్చునేది. వేసినా పోయిన చూపు రాదని ఇద్దరికీ తెలుసు. అయినా ఒక్క పూట మానలేదు.

ఆ ఏడు చామంతులు బాగా పూశాయి. పసుపు, తెలుపు, గోడ చివర కొంచెం ఎరుపు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. నేను మాత్రం వాటి వైపు చూడకుండానే డ్యూటీకి పోయేవాణ్ని.

పండుగకు ముందు రోజు మధ్యాహ్నం గంపల్లో పూలు చర్చికి మోసుకెళ్లాం. వెదురు బద్దలతో నేను క్రిస్మస్ చుక్క కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి పైకి ఎక్కించాను. పిల్లలు బాలయేసు పశువుల పాకకు గడ్డి పరుస్తున్నారు. నా భార్య ఎప్పట్లాగే వేదిక కింద చాప వేసుకుని దండలు గుచ్చింది. ఒక పసుపు, ఒక తెలుపు, అదే ఆమె పద్ధతి. లోపల వెలుతురు తక్కువ. మొదటి దండ అయ్యాక పాస్టరు గారి భార్య దాన్ని తీసుకుని వేదికకు కట్టింది. ఒక చోట పసుపు పూలే వరసగా వచ్చాయి. ఇంకో చోట దారం ఖాళీగా ఉంది. కాడలు బయటికి పొడుచుకొచ్చాయి.

పాస్టరు గారి భార్య మంచి మనిషి. దండ విప్పి, ఇద్దరు ఆడపిల్లలను సైగ చేసి వసారాలోకి పిలిచింది. వాళ్లు కత్తెరతో దారం తెంపి, పూలు వేరు చేసి, మళ్లీ గుచ్చడం మొదలుపెట్టారు. నేను నిచ్చెన మీద నుంచి చూస్తున్నాను. నా భార్య చేతిలో సూది ఆగింది. తల కొంచెం పక్కకు తిప్పి విన్నది. కత్తెర చప్పుడు తప్ప ఏమీ లేదు. మళ్లీ గుచ్చసాగింది. ఆమె గుచ్చిన దండలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వసారాలోకి పోయి, వేరే దండలై లోపలికి వచ్చాయి.

ఇంటికి నడుస్తుంటే నా మోచెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ దారిలో పట్టుకోలేదు.

"నా దండలు ఇప్పేసిన్రు గదా?"

అబద్ధం నోటికి రాలేదు. అవునన్నాను.

"బాగలేకుంటే ఇప్పరా మల్ల," అంది. చాలా దూరం నడిచాక ఇంకో మాట అంది. "నా చూపు సంగతి వాళ్లకు ముందే తెలిసినట్టున్నది. వాళ్లకు తెల్సని నాకే తెల్వలే."

మర్నాడు ఆరాధన అయ్యాక అందరూ వచ్చి పూలు ఎంత బాగున్నాయో చెప్పారు. ఆమె నవ్వి తల ఊపింది. ఆ మధ్యాహ్నమే బిడ్డకు చెప్పాం. బిడ్డ ఏడ్చింది. తల్లిని తనతో మద్నూర్ తీసుకెళ్తానంది. అక్కడి ఇల్లు తన కాళ్లకు తెలియదని నా భార్య రానంది.

పండుగ తర్వాత ఆమె తోటలోకి పోలేదు. నేను డ్యూటీ నుంచి వచ్చాక కొన్నాళ్లు నీళ్లు పెట్టాను. ఎండలు ముదిరేసరికి మళ్లు పగుళ్లిచ్చాయి. వానలు పడ్డాక తుంగ, గరక నడుము ఎత్తు పెరిగాయి. కూలీలను పెట్టి కోయించాను గానీ ఏమీ నాటలేదు. కామారెడ్డి పోయిన ప్రతిసారీ మిషన్ మీద ఆమె వేలు ఇంకాస్త తక్కువగా కదిలింది. ఇప్పుడు ఎడమ కంటికి వెలుతురు, చీకటి తేడా తెలుస్తుంది. కుడి కంటికి అదీ లేదు.

పోయిన క్రిస్మస్‌కు చర్చికి పూలు కామారెడ్డి మార్కెట్ నుంచి తెప్పించారు. బంతిపూలు, మధ్యలో ప్లాస్టిక్ తోరణాలు. ఇద్దరం వెనక వరసలో కూర్చున్నాం. ఆమెకు తెలియాలని నేను మెల్లగా చెప్పడం మొదలుపెట్టాను. వేదికకు ఏ రంగు కట్టారో, చుక్క ఎక్కడ వేలాడదీశారో.

ఆమె నా మోకాలి మీద చెయ్యి పెట్టింది.

"చెప్పకు," అంది. "నువ్వు చెప్తుంటే యాదికొస్తది."

నేను ఆగిపోయాను. ఈ ఏడు పండుగకు చర్చికి రానని ఇప్పుడే చెప్పేసింది. నేను బలవంతపెట్టలేదు.