చచ్చినవాళ్లు లేచే సినిమాలు

మొన్న మడికొండలో మా అమ్మాయి వాళ్ల కొత్త ఇంట్లో కూర్చుని ఉండగా మనవరాలు ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టి, పాత సినిమాల్లోని వింతలన్నీ ఏరి కూర్చిన ఒక వీడియో చూపించింది. ఎగిరే మంచానికి కట్టిన తీగ కనబడుతోంది, రాక్షసుడి కొమ్ము ఒకటి పక్కకు వాలిపోయింది, పాతాళంలో గుహ గోడ మీద రాకుమారుడి చెయ్యి పడగానే గోడంతా గుడ్డలా ఊగింది, ఒక్కో ముక్కకూ వెనక నుంచి ఎవరో పగలబడి నవ్వుతున్న చప్పుడు. పిల్లకు నవ్వు ఆగడం లేదు. నాకు నవ్వు రాలేదు సరికదా, ఒంట్లోకి ఎక్కడలేని ఊపు వచ్చి, ఆ తీగ మాకూ కనబడిందే తల్లీ, మేమేం గుడ్డివాళ్లం కామని మొదలుపెట్టి చాలాసేపు చెప్పాను. అది ఫోను తీసుకుని మెల్లగా జారుకుంది. చెప్పవలసింది ఇంకా మిగిలిపోయింది కనుక, ఆ సినిమాలను నా లాగే నేల మీదా బెంచీల మీదా కూర్చుని చూసిన మీతో చెప్పుకుంటున్నాను.

మాది వరంగల్ బజారులో చిన్న బట్టల దుకాణం. దుకాణం వెనకే ఇల్లు, ఇంటి ముందు గదిలో ప్రతి శనివారం భజన. మా నాయనమ్మ ఆ ఆడవాళ్ల మండలికి పెద్ద. పలక పట్టకముందే నేను తాళాలు పట్టాను, ఊహ తెలిసీ తెలియక ముందే పారాయణం చదవడం, చదివినదాన్ని పదిమందికి విడమర్చి చెప్పడం నేర్చుకున్నాను, ఈ నాటికీ పొద్దున నాలుగు పుటలు చదవనిదే కాఫీ ముట్టను. అలాంటి ఇంట్లో సినిమాలేమిటని మీకు అనిపించవచ్చు. మండలి న్యాయం వేరు. దేవుడి సినిమాకు పోతే పుణ్యం, గుడి కనబడే సినిమాకు పోతే పాపం లేదు. తక్కువ ఖర్చులో చుట్టేసిన ఆ జానపదాల్లో గుడి లేనిది ఏది చెప్పండి? ఖడ్గం దొరికేది గుడిలో, రాకుమారి మొక్కేది గుడిలో, మాంత్రికుడు బలి ఇవ్వబోయేదీ గుడిలోనే. అందుచేత మా మండలి ఏ ఒక్కటీ వదల్లేదు. మ్యాట్నీకి బయలుదేరేటప్పుడు నాయనమ్మ సంచిలో వేయించిన పల్లీలతో పాటు కర్పూరం, అగ్గిపెట్టె కూడా ఉండేవి, తెర మీద అమ్మవారు ప్రత్యక్షమైతే మళ్లీ ఇంటికి పరుగెత్తలేం కదా!

ఆ సినిమాల మీద నా అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒక్కటే. తమలపాకు మీద పసుపు ముద్ద పెట్టి గౌరమ్మా అని మొక్కే చేతులు మావి. ఆ ముద్దకు కళ్లు లేవని, ముక్కు లేదని ఎవరూ నవ్వరు. పసుపులో అమ్మను చూడగలిగినవాళ్లకు తీగ కట్టిన మంచం ఎగరడం ఒక లెక్కా? డబ్బున్న సినిమా అంతా తానే చూపించి మనల్ని ఊరికే కూర్చోబెడుతుంది. డబ్బు లేని సినిమా సగం చూపించి, మిగతా సగం నీ భక్తిని బట్టి నువ్వు చూసుకో అంటుంది. ఒకే ఒక్క ఏనుగును ఎడమ నుంచి కుడికీ కుడి నుంచి ఎడమకూ నడిపించి గజబలం అంటే, మేము కళ్లారా గజబలాన్నే చూశాం.

ఇక్కడ మా మండలి ఆచారం ఒకటి చెప్పాలి. పారాయణంలో యుద్ధ ఘట్టం వచ్చినప్పుడు ఎవరైనా పడిపోయిన చోట పుస్తకం మూయకూడదు. గొంతు ఎండినా, పొయ్యి మీద పాలు పొంగినా సరే, పడినవాడు లేచేదాకానో, పట్టాభిషేకం దాకానో, కనీసం ఒక మంగళకరమైన మాట దాకానో చదివి అప్పుడే లేవాలి. చావు దగ్గర పుస్తకం మూసిన ఇంటికి చావు దారి కనుక్కుంటుందని నాయనమ్మ చెప్పేది.

బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. మా మేనత్త పాలకుర్తి వైపు ఒక పల్లెలో ఉండేది, భర్త పోయాక పుట్టింటికి, అంటే మా ఇంటికి, వచ్చేసింది. ఆమెకు ఒక్కడే కొడుకు, నాకు బావ, మిలిటరీలో లారీ డ్రైవరు. గజంబద్ద పట్టే ఇంట్లో తుపాకి పట్టినోడు పుట్టిండని బజారంతా ఎగతాళి చేస్తే, మా అత్త ఆ మాటనే గొప్పగా చెప్పుకునేది. యుద్ధం మొదలైనప్పటి నుంచి అతని కబురు లేదు. పక్క దుకాణంలోని రేడియో వార్తలు విని వచ్చి మా నాన్న తిన్నగా పెరట్లోకి పోయి కాళ్లు కడుక్కునేవాడు. అత్త ఒంటిపూట తినసాగింది, తరువాత అదీ సగం చేసింది. ఇలా అయితే కొడుకు వచ్చేసరికి తల్లి ఉండదని భయపడి నాయనమ్మ ఒకనాడు బలవంతాన మండలితో పాటు ఆమెను మ్యాట్నీకి లాక్కొచ్చింది. అది రాజుల సినిమా అని తెలుసు గాని, సగానికి పైగా యుద్ధమే అని అక్కడికి వెళ్లేదాకా తెలియదు.

ఏం యుద్ధమండీ అది! కోట గోడకు నిచ్చెన ఆనించగానే గోడ లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చింది. కత్తులు తగిలితే ఒకటి వంకర తిరిగింది, అయినా అది పట్టుకున్న మహానుభావుడు వంకర కత్తితోనే పోరాడాడు. నేను ముందుకు వంగి ఒళ్లు మరచి చూస్తున్నాను. ఇంతలో రాకుమారుడి రొమ్ములో బల్లెం దిగింది, తెల్ల చొక్కా మీద నల్లగా నెత్తురు పరుచుకుంది, అతను నేల మీద పడ్డాడు, అతని తల్లి అంతఃపురంలో దిగ్గున లేచి నిలబడింది, తెర తెల్లబడిపోయింది.

అప్పట్లో ఇలాంటి చిన్న సినిమాలకు రెండు హాళ్లకు కలిపి ఒకే కాపీ ఉండేది. హన్మకొండ హాలులో ఆడిన రీళ్ల పెట్టెను సైకిలు మీద మా హాలుకు తెచ్చేవారు. ఆ రోజు అక్కడ కరెంటు పోయి ఆఖరి పెట్టె ఆగిపోయింది. జనం ఈలలు వేసి, బెంచీలు కొట్టి, మరునాటి పాసులు తీసుకుని తిట్టుకుంటూ వెళ్లిపోయారు. మా అత్త మాత్రం లేవలేదు. ఆమె లేవలేదని మండలీ లేవలేదు.

మేనేజరు వచ్చి బతిమాలాడు. "అమ్మా, జర లేవుండ్రి. రేపచ్చి మిగిలింది చూద్దురు, పాసులిస్త."

"రేపటి దాంక వాడు గట్లనే పడి ఉండాల్నా?" అంది అత్త.

"ఎవరమ్మా?"

"గా పిలగాడు."

ఆయన నాయనమ్మ వైపు తిరిగాడు. నాయనమ్మ ఒడిలో సంచి సర్దుకుని, చావు కాడ లేచే ఆనవాయితీ మాకు లేదు కొడుకా అని ఒక్క మాటలో తేల్చేసింది. ఆయన తల పట్టుకున్నాడు. ఆ ఖాళీ హాలులో అత్త తెల్లటి తెరనే చూస్తూ కూర్చుంది. ఆమె చేతులు పట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి. ఈమెను ఇలా ఇంటికి తీసుకుపోతే రేపటికి మిగలదని నాకు అర్థమైంది. నాకు తెలిసిన ఒక్క సంగతీ చెప్పాను.

"అత్తమ్మా, తెల్ల గుర్రం కాడ సచ్చినోడు, కోట మీదికెళ్లి పడ్డోడు, ఏట్ల మునిగినోడు ముగ్గురూ ఒక్కడే. మీసం మార్చిండ్రు గంతే. ఎడమ చెవికి గాటున్నది, నువ్వు చూడలేదా?"

అత్త నా వైపు తిరిగింది. "నిజమేనానే?"

"దేవుని తోడు."

"మరి సచ్చినోడు మళ్లెట్ల లేచిండు?"

వెనక వరుసలోంచి మండలి ఆవిడొకరు, ఒక్కపారి సస్తే కూలి గిట్టలేదేమో అక్కా అంది. అంతే, మా అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కొడుకు కబురు ఆగిన తరువాత ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే భజన ఎత్తుకోండ్రి అంది. మేము చప్పట్లతో అందుకునేసరికి ఆ మోత విని గేటు దగ్గరున్న జనం సినిమా మళ్లీ మొదలైందనుకుని ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి వచ్చేశారు. వచ్చినవాళ్లు పోరు, కూర్చున్నవాళ్లు లేవరు. మేనేజరుకు ఇక దారి లేక తన స్కూటరు మీదే మనిషిని హన్మకొండకు తరిమాడు.

పెట్టె వచ్చేదాకా భజన సాగుతూనే ఉంది గాని, నాకు లోపల కొత్త భయం పట్టుకుంది. సినిమాను మాలో ఎవరూ ముందు చూడలేదు. చెవికి గాటున్నవాడు కూలివాడు, ఎన్నిసార్లయినా లేస్తాడు. రాకుమారుడు లేవకపోతే? దీపాలు ఆరిపోయాయి, తెర వెలిగింది, చితి పేర్చి ఉంది. అత్త గోళ్లు నా మణికట్టులో దిగాయి. అప్పుడు గుడి గంట మోగింది, గడ్డం సగం ఊడిన ఒక ముని వచ్చి కమండలంలోని నీళ్లు చల్లాడు, రాకుమారుడు నిద్ర లేచినట్టు లేచి కూర్చున్నాడు. చొక్కా మీద ఒక్క మరక లేదు! ఈ కాలం పిల్లలు దాన్ని తప్పు అంటారు. మా అత్త దాన్ని మహిమ అంది, నేనూ అదే అంటాను. హాలంతా జయజయధ్వానాలు, నాయనమ్మ కర్పూరం వెలిగించింది, వద్దనడానికి వచ్చిన మేనేజరే కళ్లకద్దుకుని వెళ్లాడు. ఆ పూట అత్త కడుపునిండా అన్నం తిన్నది.

ఎండలు ముదిరే వేళకు బావ వచ్చాడు, చిక్కిపోయి, కాళ్లూ చేతులూ భద్రంగా. అదే సినిమా తగ్గించిన టికెట్లతో మళ్లీ వస్తే, అత్త పట్టుబట్టి అతన్ని తీసుకుపోయింది, నేనూ వెళ్లాను. తెర మీద యుద్ధం మొదలైంది. అడుగో, మళ్లీ లేచిండు, అడుగో, ఈసారి ఏట్లకెళ్లి లేచిండు అంటూ అత్త వేలు పెట్టి చూపించింది. బావ మొదట్లో నవ్వాడు. మూడోసారికి నవ్వలేదు. "మా దగ్గర పడ్డోడు పడ్డట్టే ఉంటడమ్మా," అన్నాడు, లేచి బయటికి వెళ్లి, ఆట అయ్యేదాకా మెట్ల మీద కూర్చున్నాడు. అత్త వేలు ముడుచుకుంది. అతనితో ఒకే పళ్లెంలో తిన్న ఒక పంజాబీ స్నేహితుడు యుద్ధంలో పడి అక్కడే ఉండిపోయాడని మాకు చాలా రోజుల తరువాత తెలిసింది.

ఆ బావనే నేను పెళ్లి చేసుకున్నాను. యుద్ధం సినిమా అంటే ఆయన మళ్లీ గడప దాటలేదు. కాని ఎనభైల్లో చవకబారు దయ్యాల సినిమాలు వరసగా వచ్చినప్పుడు ఒక్కటీ వదలకుండా పిల్లలతో సహా మమ్మల్ని తీసుకెళ్లేవాడు. తెల్ల చీర, పొగ, కీచుమనే తలుపు, దయ్యం పాదాలకు రబ్బరు చెప్పులు. నాకు అవీ నచ్చేవి. ఎంత పెద్ద దయ్యమైనా గంట మోగితే ఆగేది, కుంకుమ చల్లితే వెనక్కి తగ్గేది, దీపానికి విలువ ఉన్న లోకం అది. ఒకసారి ఒక సినిమాలో ప్రమాదంలో పోయిన స్నేహితుడు దయ్యమై వచ్చి తలుపు తడుతున్నాడు. లోపలి వాళ్లు గడియ పెట్టి, బల్ల అడ్డం పెట్టి గజగజలాడుతున్నారు. హాలంతా కేకలు. మా పిల్లలు నా కొంగులో దూరారు. నేను పక్కకు చూస్తే ఆయన కుర్చీ అంచుకు వచ్చి, తెర మీది వాళ్లతో మెల్లగా అంటున్నాడు.

"దోస్తు వచ్చిండు. జర తలుపు తియ్యరాదురా."

ఆ రోజు నుంచి దయ్యాల సినిమాను తక్కువ చేసి మాట్లాడినవాళ్లతో నేను వాదన వేసుకుంటూనే ఉన్నాను. ఆయన పోయి కొన్నేళ్లయింది. ఇప్పటి యుద్ధాల్లో తెర నిండా లక్షమంది సైనికులు, అందరినీ కంప్యూటరే పుట్టించి కంప్యూటరే చంపుతుందట. గోడలు ఊగవు, నెత్తురు మరక ఎక్కడ పడ్డదో అక్కడే ఉంటుంది. వాళ్లలో ఒక్కడి చెవి మీదా గాటు ఉండదు. పడినవాణ్ణి ఎవరూ గుర్తుపట్టరు, లేవాలని ఎవరూ కూర్చుని ఉండరు, పేర్లు పడకముందే లేచి బండ్ల తాళాలు వెతుక్కుంటారు. ఇప్పటి దయ్యాలు గంటకు భయపడవు, ఎవరికీ దోస్తులు కారు, చంపి పోవడానికే వస్తాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయి. పడినవాళ్లను పడ్డట్టే వదిలి నేనే కుర్చీలోంచి త్వరగా లేవలేకపోతున్నాను, హాలు ఊడ్చేవాళ్లు వచ్చి, అయిపోయిందమ్మా అని చెప్పేదాకా.