అతిథిగా వెళ్ళిన తాళాలత్త

ఆవిడ అసలు పేరు ఆ ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. నడుముకి ఎప్పుడూ ఏడు గదుల తాళాల గుత్తి వేలాడుతుంటుంది కాబట్టి చిన్నా పెద్దా అందరికీ ఆవిడ తాళాలత్తే. సరస్సు ఒడ్డున రెండంతస్తుల లాడ్జి ఆవిడది. పట్నం నుంచి మూడు గంటల దారి. శనివారం సాయంత్రం దిగి, పడవెక్కి, నీళ్ళ పక్కన ఒక రాత్రి పడుకుని, ఆదివారం మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవాళ్ళే ఆ ఊరికి వస్తారు. రెండో రాత్రి కూడా ఉన్నవాళ్ళని ఆవిడ ముప్పై ఏళ్ళలో నలుగురిని చూసి ఉంటుంది. అందులో ఇద్దరు జ్వరమొచ్చి ఆగిపోయినవాళ్ళు.

ఒక రాత్రి అతిథులతో వేగడమంటే ఏమిటో వేగినవాళ్ళకే తెలుస్తుంది. ఈరోజు వేసిన పక్క రేపు విప్పాలి. ఏడు గదుల దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు ఉతకాలి, ఆరెయ్యాలి, మళ్ళీ పరవాలి. భర్త పోయాక ఆ పని మరీ పట్టుదలగా చేసిందేమో, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఇక మెట్లెక్కొద్దన్నాడు డాక్టరు. ఆవిడ బుద్ధిగా తలూపి, ఇంటికొచ్చి, పై అంతస్తుకి నీళ్ళ బకెట్ మోసుకెళ్ళింది.

అది చూసి, బస్సు నడిపే కొడుకు తేల్చి చెప్పేశాడు.

"ఈ సీజన్ అయిపోగానే లాడ్జి మూసేద్దామమ్మా. నీ కాళ్ళకంటే ఎక్కువా?"

"మూయడమెందుకు? నేను నడుపుతాగా," అంది కోడలు.

తాళాలత్త ఆ మాట విననట్టే తువ్వాలు దులిపింది. కోడలంటే ఇష్టం లేక కాదు. మూడేళ్ళ క్రితం మందుల షాపులో ఉద్యోగం మానేసి వచ్చిన ఆ పిల్ల, అతిథులతో కబుర్లలో పడితే గదిలో సబ్బు పెట్టడం మర్చిపోతుంది. దుప్పటి అంచు మంచం కింద దోపమంటే, దోపీ దోపనట్టు వదిలేస్తుంది. అత్తగారు వెనకాలే వెళ్ళి మళ్ళీ దోపుతుంది. అలా దోపుతున్నంతకాలం ఆ పిల్లకి పని ఎలా వస్తుందన్న ఆలోచన మాత్రం ఆవిడకి రాలేదు.

చివరికి కోడలే పందెం కట్టింది. "ఒక్క శనివారం మీరు ఊళ్ళో ఉండకండి అత్తయ్యా. తాళాలు నాకివ్వండి. ఒక్క గది నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా లాడ్జి మూసేద్దాం, నేను నోరెత్తను. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటి దాకా మాత్రం ఫోన్ చేయకూడదు."

ఆవిడ సరేనంది, కోడలు ఓడిపోతుందన్న ధీమాతో. కోడలు ఓడిపోతే లాడ్జి పోతుందన్న సంగతి శనివారం తనెక్కిన బస్సు కదిలాక గానీ ఆవిడకి తట్టలేదు.

అత్తగారి కోసం కోడలు గది తీసుకున్నది ఇంకో సరస్సు పక్కన ఇంకో చిన్న ఊళ్ళో. అక్కడికి చేరగానే తాళాలత్త చేసిన మొదటి పని కిటికీ గట్టు మీద వేలితో రాసి చూడటం. దుమ్ము లేదు. కొంచెం నిరాశపడింది. స్నానాల గదిలో కుళాయి తిప్పి చూసింది, పరుపు ఎత్తి చూసింది, గొళ్ళెం వేసి తీసి చూసింది. చూడటానికి ఇంకేమీ మిగల్లేదు. మంచం చివర కూర్చుంది. ఎవరో వచ్చి తనని ఏదో ఒకటి అడుగుతారని ఎదురుచూసింది. ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడకి అతిథిగా ఉండటం చేతకాలేదు.

తెల్లారగానే చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. పక్క విప్పి, దుప్పటి, గలీబులు ఉతికేసి, వరండా రెయిలింగ్ మీద ఆరేసి, నేల కూడా తుడిచింది. టీ పట్టుకొచ్చిన ఆ లాడ్జి యజమానురాలు, కళ్ళజోడు పెట్టుకున్న పొడుగాటి ఆవిడ, గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"ఏమ్మా, మా పక్కలు మీ కంటికి అంత మురిగ్గా కనిపించాయా?"

తాళాలత్త చేతిలోని తడిగుడ్డ కింద పెట్టేసింది. ఎవరైనా అతిథి తన లాడ్జిలో ఈ పని చేసి ఉంటే తను ఊరుకునేదా?

"లేదమ్మా, ఒట్టు! బంగారంలాంటి గది. నాకు అలవాటు... నాకూ ఏడు గదులున్నాయి."

యజమానురాలు దుప్పటి దగ్గరికెళ్ళి, ముడత లేకుండా లాగి ఆరేసిన అంచులు చూసి, ఫక్కున నవ్వింది. "ముందే చెప్పొద్దూ! నేనూ అంతే. మా చెల్లెలింటికెళ్తే అక్కడా మంచాలు సర్దేస్తాను, వాళ్ళు తిడతారు. రండి, టీ చల్లారిపోతుంది."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఒడ్డున కుర్చీలో కూర్చోబెట్టింది. "ఇక్కణ్ణుంచి లేచారంటే ఊరుకోను," అని బెదిరించి పనిలోకి పోయింది.

తాళాలత్త కూర్చుంది. నీళ్ళ మీద మంచు కొద్దికొద్దిగా విడిపోతూ అవతలి ఒడ్డు కనబడసాగింది. ఒక బాతు పిల్లల్ని వెంటేసుకుని పోతోంది. ముప్పై ఏళ్ళు సరస్సు పక్కనే ఉండి, ఆవిడ నీళ్ళకేసి చూసిందల్లా వాన వస్తుందా, బట్టలు ఆరతాయా అని. జనం ఇంతింత దూరాల నుంచి వచ్చేది దీనికా అనుకుంది. వాళ్ళ మీద కాస్త అసూయ కూడా కలిగింది. మోకాళ్ళు నొప్పి పెట్టడం లేదన్న సంగతి టీ అయిపోయాక గమనించింది.

ఎనిమిదైంది. కోడలికి ఫోన్ చేసింది.

"చెప్పవే, ఏమైంది?"

"ఏమీ కాలేదత్తయ్యా. అన్ని గదులూ నిండాయి. నాలుగో గదివాళ్ళు మాత్రం సబ్బు లేదని పిలిచారు."

తాళాలత్త కళ్ళు మూసుకుంది. "అయితే ఫిర్యాదు వచ్చిందన్నమాట."

"వచ్చింది. పందెం పందెమే. కానీ మీరు కోప్పడాల్సింది ఇంకోటుంది. ఆఖరి బస్సుకి ఒక ముసలాయన, ఆయన భార్య దిగారు. ఊళ్ళో ఎక్కడా గదుల్లేవు. ఆవిడ నిలబడలేకపోతోంది. మిమ్మల్ని అడగకుండానే మీ గది ఇచ్చేశాను, మీ మంచం మీదే పడుకోబెట్టాను. ఇప్పుడు ఇంకొక్క రోజు ఉంటామంటున్నారు."

తాళాలత్తకి ముందు ఒళ్ళు మండింది. తన గది! తన మంచం! ఆ తర్వాత తన సంగతే గుర్తొచ్చింది. ఇలా ఆలస్యంగా దిగినవాళ్ళకి తన మంచం ఇచ్చేసి, వంటింట్లో చాప మీద పడుకున్న రోజులు ఆవిడకి లెక్కలేనన్ని. అది ఆవిడ ఎవరికీ నేర్పలేదు. నేర్పితే వచ్చేదీ కాదు.

"వింటున్నారా అత్తయ్యా? వాళ్ళని పంపించెయ్యమంటే..."

"పంపిస్తే నీ సంగతి చెప్తాను. ఉండనీ. నేను ఇక్కడే ఇంకో రాత్రి ఉంటాను." కళ్ళు తుడుచుకుంది. "నాలుగో గదికి సబ్బిచ్చావా?"

"అప్పుడే ఇచ్చాను. మరి పందెం?"

"పందెం కట్టింది నువ్వు, నేను కాదు. మీ ఆయనతో చెప్పు, లాడ్జి మూయడం లేదని."