మెయిన్ ఆపేశాక వచ్చిన పాట

నేను స్టీల్ ప్లాంట్‌లో ఎలక్ట్రీషియన్‌ని. ఇరవై ఆరేళ్ల సర్వీసు. దయ్యాలు, గాలి సోకడం, ఇలాంటివేవీ నాకు పట్టవు. పాత కేబుల్ సొరంగంలో ఎవరో నడుస్తున్నారని మా వర్క్‌షాపులో వాళ్లు చెబుతుంటే, ఎలకల మందు పెట్టించండని చెప్పి టీ తాగడానికి పోయేవాణ్ని. ముట్టుకుంటే షాక్ కొట్టేదాన్నే నమ్మే మనిషిని. కాబట్టి ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం రాదు. మీ స్థానంలో ఉంటే నేనూ నవ్వేవాణ్నే.

మా ఇల్లు గోపాలపట్నంలో. అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, ఇంట్లో నేను, నా భార్య సుగుణ. సుగుణ మా చర్చి క్వయర్‌లో పద్దెనిమిదేళ్లు పాడింది. అందరికంటే పైన వినపడే స్వరం ఆమెదే. ఆ స్వరం వింటూ నేను చివరి బెంచీలో హాయిగా కునికిపాట్లు పడేవాణ్ని.

కిందటేడాది ఆమెకి థైరాయిడ్ ఆపరేషన్ అయింది. ఆపరేషన్ బాగానే జరిగింది, కానీ గొంతు నరం ఒకటి నీరసించింది. కొందరికి ఇలా అవుతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మాట గుసగుసలా మిగిలింది. బండి మీద వెనక కూర్చుని ఏమన్నా నాకు వినపడేది కాదు. రోజూ గొంతు కసరత్తులు చేస్తే చాలావరకు తిరిగొస్తుందని, వదిలేస్తే ఇలాగే ఉండిపోవచ్చని చెప్పి, ఆ కసరత్తులన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది.

సుగుణ నాలుగు రోజులు చేసింది. ఐదో రోజు ఒక స్వరం అందుకోబోతే గొంతు చీలి కీచుమంది. అంతే, కాగితం మడిచి బైబిల్లో పెట్టేసింది. క్వయర్ మానేసింది. ఆదివారం ఆరాధనలో అందరూ పాడుతుంటే పెదాలు కూడా కదిపేది కాదు. అలా ఆరు నెలలు పోయాయి. నాకు లోపల భయం మొదలైంది. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే ఇక గొంతు రాదు. ఆ మాట ఆమెతో అనడానికి నాకు నోరు రాలేదు.

మా టీవీ కింద సౌండ్‌బార్ అని ఒక పొడుగాటి స్పీకర్ ఉంది. ఒకరోజు అందులో పాటలు పెడితే, "గోడ పాడతన్నట్టుందండి," అంది సుగుణ. క్వయర్‌లో నిలబడితే పాట ఎదురుగా రాదట. పక్కల నుంచి, వెనక నుంచి వచ్చి వీపుకి తగులుతుందట. ఆపరేషన్ తర్వాత ఆమె అన్ని మాటలు కలిపి మాట్లాడడం అదే మొదటిసారి.

మర్నాడే ఆ సౌండ్‌బార్‌కి సరిపోయే సబ్‌వూఫర్, అంటే కింది శబ్దాలు పలికే పెట్టె, వెనక పెట్టుకునే రెండు చిన్న స్పీకర్లు బుక్ చేశాను. పాటల మధ్యలో కూర్చోబెడితే ఏదో ఒకరోజు నోరు కదుపుతుందని నా ఆశ. నాకు తెలిసిన వైద్యం అంతే. ఎక్కడ తేడా కనిపిస్తే అక్కడ వైరింగ్ చెయ్యడం.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా బామ్మర్ది ప్రకాష్ సాయానికి వచ్చాడు. ఆ చిన్న స్పీకర్ల గురించి ఒక మాట చెప్పాలి. పాట సౌండ్‌బార్ నుంచి గాలిలోనే వాటికి అందుతుంది, దానికి వైరు అక్కర్లేదు. కానీ పనిచెయ్యాలంటే కరెంటు కావాలి, దేని ప్లగ్గు దానిదే. లోపల బ్యాటరీ ఉండదు. మా సోఫా వెనక ప్లగ్ పాయింట్ లేదు. కొత్తది పెట్టడానికి ఇంటి మెయిన్ ఆపాల్సి వచ్చింది.

ప్లాంట్‌లో ఏ మిషన్ మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు కరెంటు ఆపి, ఆ స్విచ్‌కి పేరు రాసిన ఎర్ర ట్యాగ్ కట్టాలి. కట్టినవాడే విప్పాలి. వేరేవాడు విప్పితే అవతల ఒక ప్రాణం పోవచ్చు. ఆ అలవాటు నన్ను ఇంటిదాకా వదల్లేదు. మెయిన్ కిందికి దించి, నా పేరు, టైమ్ రాసి ట్యాగ్ కట్టాను.

"ఏటి బావ, ఇంట్లో కూడా ట్యాగేటి? రేపు అక్కకి కూడా కట్టేత్తావేటి?" అన్నాడు ప్రకాష్.

"ముందు నీ నోటికి కడతాను, పో," అన్నాను. స్క్రూలు తక్కువయ్యాయని అతను నవ్వుకుంటూ మార్కెట్‌కి వెళ్లాడు.

ఫ్యాన్ లేదు, ఫ్రిజ్ లేదు. ఇల్లంతా నిశ్శబ్దం. నేను సోఫా వెనక నేలమీద కూర్చుని గోడలో వైర్లు సర్దుతున్నాను. సుగుణ సోఫాలో కూర్చుని ఒక స్పీకర్‌కి అంటుకున్న థర్మాకోల్ తుడుస్తోంది. దాని ప్లగ్గు నా మోకాలి పక్కనే నేలమీద పడుంది. నా కళ్లతో చూశాను.

అప్పుడు ఆ స్పీకర్లోంచి పాట వచ్చింది.

ఆడగొంతు. కాస్త బొంగురుగా ఉంది. మాటలు లేవు, ఉత్త రాగం. మా చర్చిలో పాడే పాత ప్రార్థన పాటే, కానీ అందరూ పాడే వరస కాదు. దాని కింద నడిచే రెండో స్వరం.

నాకు ఒళ్లు మండింది. ప్రకాష్ తిరిగొచ్చి నా ట్యాగ్ విప్పేశాడనుకున్నాను. లేచి మెయిన్ బోర్డు దగ్గరికి పరుగెత్తాను. ప్లగ్గు పెట్టని స్పీకర్ పెళ్లాం ఒళ్లో పాడుతుంటే, ఆమె మొహం కూడా చూడకుండా స్విచ్ చూడ్డానికి పోయిన మొగుడు వైజాగ్ మొత్తమ్మీద నేనొక్కడినే అయుంటాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మెయిన్ దించినట్టే ఉంది. ట్యాగ్ మీద నా చేతిరాతే. టెస్టర్ పెట్టి చూశాను, వెలగలేదు. మా ఇంట్లో ఇన్వర్టర్ కూడా లేదు. ప్రకాష్ ఇంకా రానే లేదు.

తిరిగి హాల్లోకి వచ్చేసరికి రెండు గొంతులు వినపడుతున్నాయి. ఒకటి స్పీకర్‌ది. రెండోది సుగుణది.

కళ్లు మూసుకుని, రెండు అరచేతులూ ఆ స్పీకర్ మీద పెట్టి, దాంతోపాటు రాగం తీస్తోంది. ఆమె గొంతు మధ్యమధ్యలో తెగుతోంది, అయినా వరస తప్పడం లేదు. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. కాసేపటికి స్పీకర్ ఆగింది. సుగుణ ఆ చరణం పూర్తి చేసి ఆపింది.

"ఎవరిదది?" అన్నాను.

"నాదేనండి," అంది. "నా గొంతు నాకు తెలీదేటి? కానీ నాను ఆ కింది స్వరం ఏ రోజూ పాడలేదు. ఆ గొంతు నాకు ఇంకా రాలేదు. వత్తాది."

ఆమె మొహంలో భయం లేదు. భయమంతా నాదే.

ప్రకాష్ వచ్చాక చెబితే ముందు నవ్వాడు, తర్వాత వాళ్లక్క మొహం చూసి నవ్వు ఆపేశాడు. పక్కింటివాళ్ల ఫోన్ ఆ స్పీకర్‌కి కలిసిపోయి ఉంటుందన్నాడు. కరెంటు లేని స్పీకర్‌కి ఏ ఫోనూ కలవదు. పై నుంచి వినపడిందనుకుందామంటే, మా పైపోర్షన్‌కి ఆ రోజు తాళం వేసి ఉంది. మా ప్లాంట్‌లో ఒక ఇంజనీరు గార్ని అడిగాను. పొడుగాటి వైర్లు ఒక్కోసారి రేడియో పట్టుకుంటాయి గానీ, మూరెడు వైరు ఇంత పాట పాడదు అన్నారు. చర్చి రికార్డింగులన్నీ తిరగేసి విన్నాను. అన్నింట్లోనూ సుగుణది పై స్వరమే.

ఆ స్పీకర్లు ఇప్పటికీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. చాలా శనివారాలు మధ్యాహ్నం పూట మెయిన్ దించి, ఆ రోజు పాడినదానికి చెవి ఆనించి కూర్చున్నాను. మెడనొప్పి తప్ప ఏమీ రాలేదు.

ఆ పాట వచ్చిన మర్నాడే సుగుణ డాక్టరమ్మ కాగితం బయటికి తీసింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కసరత్తు. తర్వాత పాటలు పెట్టుకుని సోఫాలో మధ్యన కూర్చునేది. ఉత్త సౌండ్‌బార్‌లో సరిగా తెలియని కింది స్వరాలు ఇప్పుడు సబ్‌వూఫర్‌లో బాగా తెలుస్తున్నాయని, వాటిని పట్టుకుని పాడేది. గొంతు చీలేది, కీచుమనేది. అయినా ఆపేది కాదు. "దారిలో ఉన్నదాన్ని పట్టుకుని రాలేదని ఏడిత్తే ఎలాగండి?" అనేది. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకునేవాణ్ని.

నాలుగు నెలల తర్వాత డాక్టరమ్మ గొంతులోకి కెమెరా పెట్టి చూసి, నరం కోలుకుంటోందని చెప్పింది. కసరత్తు చేస్తే ఇలా రావడం మామూలేనంది. పై స్వరం మాత్రం మునుపటిలా రాకపోవచ్చంది. సుగుణ నవ్వి, "అక్కర్లేదమ్మా," అంది.

రెండు నెలల కిందట మళ్లీ క్వయర్‌లో చేరింది. రెండో స్వరం పాడేవాళ్ల వరసలో నిలబడింది. ఆ శనివారం స్పీకర్లో వచ్చిన గొంతూ ఇదీ ఒకటేనా అంటే నేను ప్రమాణం చేసి చెప్పలేను. నేను విన్నది కొంచెమే. మిగతా టైమంతా మెయిన్ బోర్డు దగ్గర ఉన్నాను కదా. ఆమెని అడిగితే, "మీకు ఇంకా అనుమానమేటి?" అంటుంది. ప్లగ్గు లేకుండా అది ఎలా మోగిందో ఈ రోజుకీ నాకు తెలీదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను రిపోర్ట్ రాయలేకపోయిన పని అదొక్కటే.

ఆ మొదటి ఆదివారం, ఆమె పాట మధ్యలో నా ఫోన్ మోగింది. సైలెంట్‌లో పెట్టడం మర్చిపోయాను. ఆరాధన అయ్యాక బండెక్కిన దగ్గర్నుంచి తిట్లు మొదలుపెట్టింది. బుద్ధుందా అంది, ఇంత వయసొచ్చి ఏం లాభం అంది, మా అమ్మని కూడా ఒకసారి తలుచుకుంది. సిగ్నల్ దగ్గర పక్క బండివాళ్లు తిరిగి చూశారు. నేను ఇంటి వైపు మళ్లకుండా సింహాచలం రోడ్డు పట్టి, చుట్టూ తిప్పి తీసుకొచ్చాను. ఎదురుగాలి బాగా కొడుతోంది. అయినా ఒక్క మాట పోకుండా అన్నీ వినపడ్డాయి.