చేతులు చూపమన్నప్పుడు

నక్సలైట్ అన్నల కోసం పోలీసులు మా సిరిసిల్లలో ఇల్లిల్లూ సోదా చేస్తున్న రోజులవి. నేను పదో తరగతి. కోరుట్లలో సాఫ్ట్‌బాల్ పోటీకి వెళ్లాం. బంతి విసిరేది నేనే.

"సార్, గీ పిల్ల బాల్ జారకుండ వేళ్లకు జిగురు రాసుకున్నది!" అని అవతలి కెప్టెన్ అరిచింది. అది నిషేధం.

"చేతులు చూపియ్యి" అన్నారు అంపైర్ సారు.

సోదాల అలవాటుకొద్దీ రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. ఒక్కరూ నవ్వలేదు.

"చేతులు దించు బిడ్డా, గిది ఆటనే" అంటూ సారు నా వేళ్లు వాసన చూశారు. "గంజి గదా?"

"అవును సార్. పొద్దుగాల మగ్గం నూలుకు గంజి పెట్టి అచ్చిన."

"కడుక్కొని రా. మంచిగ ఆడు."

కడుక్కున్న చేత్తోనే చివరిదాకా ఆడాను.

సోదాలు ఆ తర్వాతా ఆగలేదు. చేతులెత్తమన్న ప్రతిసారీ, దించమన్న ఆ ఒక్క గొంతే నాకు వినిపించేది.